ఎలుకల ఎర ఎలుకకే చేరవలెను

పలాస, టెక్కలి పల్లపు భూములలో వరి, ఉద్దానపు ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస మన రైతులకు జీవనాధారములు. ఈ పంటలకు జంతువుల వలన రెండు విధములైన బాధ కలదు. వరి గట్లలోను, కొబ్బరి చెట్ల తలలలోను ఎలుకలు చేయు నష్టము ఒకటి. తోటలలోనికి వచ్చు ఎలుగుబంట్లు, అడవి పందుల బెడద రెండవది. విషపుటెర మొదటిదానికి తగిన సాధనము. రెండవదానికి ఎంతమాత్రము తగదు. ఈ భేదమును రైతులు బాగుగా గ్రహించవలెను.

ఇతర దేశముల అనుభవము

విషపుటెరను గూర్చి ఆస్ట్రేలియాలో ఎడతెగని వాదము నడచుచున్నది. అచ్చట నక్కలను, కుందేళ్ళను, అడవి కుక్కలను చంపుటకు 1080 అను విషమును మాంసములోను, గింజలలోను కలిపి పెట్టుదురు. నక్కలు, కుందేళ్ళు ఐరోపా నుండి వచ్చిన పరాయి జంతువులనియు, అవి గొర్రె పిల్లలను, పచ్చికను, స్థానిక జంతువులను నాశనము చేయుచున్నవనియు ఒక పక్షమువారు అందురు. ఆ ఎరను తిని దేశీయ జంతువులు, కాపలా కుక్కలు కూడ బాధపడి చచ్చుచున్నవని రెండవ పక్షమువారు అందురు. ఆ దేశపు పశ్చిమ భాగములో కొన్ని మొక్కలలో ఆ విషమే సహజముగా ఉన్నది. కావున అక్కడి స్థానిక జంతువులకు దానిని కొంత ఓర్చుకొను శక్తి అబ్బినది.

2021లో ఆ దేశములోనే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో చిట్టెలుకలు విపరీతముగా పెరిగి ధాన్యమును, గడ్డివాములను పాడుచేసినవి. రాష్ట్ర ప్రభుత్వము బ్రోమాడయోలోన్ మందును పొలముల చుట్టు వాడుటకు అనుమతి కోరెను. చచ్చిన ఎలుకలను తిను పక్షులకు, జంతువులకు హాని కలుగునని కేంద్ర నియంత్రణ సంస్థ అందుకు సమ్మతింపలేదు. జింకు ఫాస్ఫైడు వాడకము మాత్రము కొనసాగినది.

దీనినుండి మనకు తెలియునది ఏమి? విషమునకు మిత్రుడు, శత్రువు అను తేడా తెలియదు. ఆ తేడాను చూపవలసినది ఎర పెట్టు చేయి. మన ఎలుగుబంటి, నెమలి, నక్క పరాయి జంతువులు కావు. వాటికి ఏ విషమును ఓర్చుకొను శక్తియు లేదు.

వరి పొలములో చేయవలసిన పని

ఎలుక ఒక్కొక్క ఈతలో ఆరు నుండి ఎనిమిది పిల్లలను పెట్టును. మీరొక్కరే మందు పెట్టినచో పక్క పొలము ఎలుకలు వచ్చి మీ గట్లలో కాపురముండును. కావున ఊరి రైతులందరు కలసి ఒకే వారములో ఈ పని చేయవలెను. నాట్లకు ముందు గట్లు ఖాళీగా ఉన్నప్పుడు, మరల పొట్ట దశకు ముందు చేయుట మంచిది. గింజ పట్టిన తరువాత ఎలుకకు పొలములోనే మేత దొరకును గనుక ఎరను అంతగా ముట్టదు.

మొదటి రోజు సాయంత్రము ఎలుక కన్నములన్నిటిని మట్టితో మూయవలెను. రెండవ రోజు తెరచుకొని ఉన్నవే ఎలుకలున్న కన్నములు. అట్టి కన్నము ఒక్కింటికి 20 గ్రాముల చొప్పున మందు లేని ఎర పెట్టవలెను. 98 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు వంటనూనె కలిపిన ఎర ఇందుకు చాలును. మూడవ రోజు కూడ అట్లే చేయవలెను. ఎలుక అనుమానము గల జంతువు. ఈ అలవాటు చేయనిదే మందు ఎరను కొరికి వదలివేయును, మరల దాని జోలికి పోదు.

నాలుగవ రోజు 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు జింకు ఫాస్ఫైడు కలిపి, 10 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి, కన్నము లోపలికి జొనిపి మూయవలెను. కిలో ఎరకు నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, మందు 20 గ్రాములు సరిపోవును. వారము తరువాత ఇంకను తెరచుకొనుచున్న కన్నములలో 0.005 శాతము బ్రోమాడయోలోన్ ఎరను 15 గ్రాముల చొప్పున పెట్టవలెను.

ఎరను గట్టు మీద చల్లరాదు. పైన చల్లిన ఎరను కోడి, బాతు, పిచ్చుక, నెమలి, పశువు తినును. కన్నములోని ఎలుకకు అది చేరనే చేరదు. మందును కర్రతో కలపవలెను; చేతితో గాని, వంటపాత్రలో గాని కలపరాదు. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలసి ఫాస్ఫీన్ అను విషవాయువగును. దానికి విరుగుడు లేదు. పొరపాటున ఎవరైన మింగినచో ఆలస్యము చేయక, మందు పొట్లముతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె విరుగుడు. అదియు వైద్యుని చేతి మీదుగానే జరుగవలెను.

కొబ్బరి తోటలో

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని నేలకూల్చినది. మరల నాటిన తోటలలో మొక్కకు మొక్కకు తగిన ఎడముంచుట ఎలుకల నివారణకు కూడ మేలు. మట్టలు ఒకదానికొకటి తగిలినచో ఎలుక నేల దిగకయే చెట్టు నుండి చెట్టుకు పోయి పిందెలను తొలుచును. మట్టలు తగలని చోట కాండమునకు రెండు మీటర్ల ఎత్తున 40 సెంటీమీటర్ల వెడల్పు గల రేకును చుట్టినచో ఎలుక పైకెక్కజాలదు. ఇందుకు విషముతో పని లేదు. నష్టము ఎక్కువగా ఉన్నచో ప్రతి ఐదు చెట్లకు ఒక చెట్టు తలలో 10 గ్రాముల బ్రోమాడయోలోన్ బిళ్ళను 12 రోజుల ఎడముతో రెండు సార్లు పెట్టవలెను.

చచ్చిన ఎలుకను వదలరాదు

బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగును. ఆ సమయములో గుడ్లగూబకు, నక్కకు సులువుగా చిక్కును. మందు ఎలుక కాలేయములో నిలిచియుండి తిన్నదానికి కూడ హాని చేయును. గుడ్లగూబ రాత్రియంతయు మీ పొలములో కూలి లేకుండ ఎలుకలను పట్టు జీవి. దానిని పోగొట్టుకొన్నచో మరుసటి ఏడు మరింత మందు కొనవలసివచ్చును. కావున ప్రతి ఉదయము పొలము చుట్టి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. పొలములో టీ ఆకారపు కొయ్యలు నాటినచో గుడ్లగూబలు వచ్చి వాలును.

టెక్కలి మండలము తేలినీలాపురములో గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను, ఇచ్ఛాపురము వద్ద తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలను గ్రామస్థులు ఇంటి చుట్టముల వలె కాపాడుచున్నారు. పొలములో నత్తలను తిను కొంగకు, ఎలుకలను తిను గుడ్లగూబకు ఆ ఆదరణయే చూపవలెను.

ఎలుగుబంటికి ఎర పెట్టరాదు

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. అటవీశాఖ మత్తుమందు ఇచ్చి పట్టిన ఆ ఎలుగు కూడ చచ్చెను. తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరుటకు పోవువారి భయము నిజమైనది. ఆ భయములో, పనసపండులో మందు పెట్టిన తీరిపోవునని కొందరికి తోచవచ్చును.

అట్లు చేసినచో ఆ పండును ముందుగా మీ ఆవు తినవచ్చును, పక్కింటి పిల్లవాడు తినవచ్చును. ఎలుక నెలలలో తన సంఖ్యను పూరించుకొనును; ఎలుగుబంటి రెండు మూడేండ్లకొకసారి ఒకటి రెండు పిల్లలను కనును. ఒకసారి తరిగిన సంతతి మరల రాదు. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. విషము పెట్టుట కూడ ఆ చట్టము దృష్టిలో వేటయే. అందుకు జైలుశిక్ష కలదు.

జీడిపండు, పనసపండు, చెదపురుగు ఎలుగును రప్పించును. కావున రాలిన జీడిపండ్లను తోటలో కుప్పపోయక ఏ రోజుకారోజు తీసివేయవలెను. పనసను చెట్టుననే పండనీయక ముందుగా కోయవలెను. తెల్లవారక ముందు ఒంటరిగా తోటకు పోరాదు. నలుగురు కలసి, దీపముతో, బిగ్గరగా మాట్లాడుకొనుచు పోవలెను. అలికిడి విన్న ఎలుగు సాధారణముగా తప్పుకొనును. హఠాత్తుగా ఎదురుపడినప్పుడు, పిల్లలు వెంట ఉన్నప్పుడు మీదపడును. ఎలుగు కనిపించినచో వెంటనే అటవీశాఖకు తెలుపవలెను. గుంపుగా తరిమినచో అది బెదరి ఎదురు తిరుగును. ప్రాణనష్టమునకు, గాయములకు ప్రభుత్వ పరిహారము కలదు. దరఖాస్తు చేయుట మరువరాదు.

ఈ ఏడు నాట్లకు ముందే మీ ఊరి రైతులు ఒకచోట కూడి, ఎర పెట్టు వారమును నిర్ణయించుకొనుడు. మందు మోతాదును గూర్చి సందేహమున్నచో గ్రామ వ్యవసాయ సహాయకుని గాని, ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమును గాని సంప్రదించుడు. కన్నములో పెట్టిన ఎర పంటను కాచును. బయట పెట్టిన ఎర ఎవరి ఇంటికి చేటు తెచ్చునో చెప్పజాలము.