మడ నాటుటకు ముందు నీటి దారి

కాకినాడ దాపున ఉన్న కోరంగి మొదలు కృష్ణ మొగల దాక ఉప్పునేలల చెంత సేద్యము చేయు రైతు సోదరులకు మడ చెట్టు క్రొత్త కాదు. అయినను అది పనికిరాని నేలలో మొలచిన పిచ్చి చెట్టనియే పలువురి అభిప్రాయము. ఇది సరికాదు. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుపాను తాకిన తరువాత, కేంద్రపడ జిల్లాలో పరిశోధకులు గ్రామములవారీగా లెక్కలు తీసిరి. సముద్రమునకు ఊరికి నడుమ మడ అడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా నున్నట్లు తేలినది. మడ ఉప్పెనను ఆపివేయునని దీని అర్థము కాదు. దాని వేగమును తగ్గించును. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరుగునది కూడ ఆ వేళ్ల సందులలోనే.

నరికినందువలననే మడ పోవుచున్నదని మనము అనుకొందుము. కాని నరకుట మాని, వరుసగా మొక్కలు నాటినను బ్రతకని చోట్లు కలవు. కారణము మీకు తెలియనిది కాదు. చౌడు నేలను బాగుచేయునప్పుడు మురుగుకాలువ లేనిదే ఎంత జిప్సము వేసినను ఫలితముండదు గదా! ఇక్కడను అంతే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. తెల్లమడ దీనికి తాళును. ఎక్కువైన ఉప్పును ఆకుల ద్వారా బయటికి విడుచును. ఆకు మీద నాలుక ఆనించి చూచిన ఈ సంగతి తెలియును. (తిల్ల చెట్టుతో మాత్రము ఇట్టి పరీక్ష చేయవద్దు. దాని పాలు కంట పడిన చాల ప్రమాదము.) అడవిని ఒకే పెట్టున నరికినచో నేలకు నీడ పోవును. ఎండకు మట్టిలోని నీరు ఇగిరి, నేల క్రుంగి పళ్లెము వలె గుంటపడును. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోలేక అక్కడనే నిలిచి ఎండును. ప్రతి పోటుకు మరికొంత ఉప్పు చేరును. తుదకు తెల్లమడకు సైతము తాళరానంత ఉప్పు పేరుకొనును.

దీనికి విరుగుడు కాలువలు త్రవ్వుట. ఉప్పు పాయ నుండి గుంట మధ్యకు ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్న కాలువలు తీయుదురు. పైనుండి చూచిన చేప ముల్లు వలె నుండును. పోటునీరు ప్రతిదినము వచ్చి పోవుచుండ ఉప్పు కడిగివేయబడును. తరువాత కాలువల గట్ల వెంట మొక్కలు నాటవలెను. 1990 తరువాత తమిళనాట పిచ్చావరములోను, మన గోదావరి, కృష్ణా మడలలోను ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖలు గ్రామస్థులతో కలసి ఈ పద్ధతిని అమలు జరిపినవి.

మీ ఊరి చెంత మడ చచ్చిన చోటు ఉన్నచో ముందుగా ఒక పని చేయుడు. పెద్ద పోటు వచ్చిన మరునాడు, పాటు వేళకు వెళ్లి చూడుడు. నీరు ఇంకను నిలిచి, అంచుల తెల్లని ఉప్పు పెచ్చు కట్టినచో అక్కడ మొక్కలు నాటుట ధనము వృథా చేయుటయే. అటవీశాఖ సిబ్బందికి తెలియజేయుడు. అడవి భూమిలో మన యిష్టము వచ్చినట్లు కాలువ తీయరాదు.

సొంత భూమిలో మీరు చేయదగినది వేరొకటి కలదు. చెరువు గట్టుగాని, బండ్లబాటగాని వేయునప్పుడు పాయకు అడ్డము వచ్చిన చోట తప్పక తూము పెట్టవలెను. ఒక్క గట్టు అడ్డుపడినను దాని వెనుకనున్న మడకు పోటునీరు అందదు. నాటిన చోట మొక్కలు ఏపుగా ఎదుగువరకు గేదెలను తోలరాదు. తెల్లమడ ఆకు వాటికి బహు ప్రీతి. ఇక త్రవ్విన కాలువలు ఒండ్రుతో పూడును. పంటకాలువకు పూడిక తీసినట్లే వీటికిని ఏటేట వంతులవారీగా పూడిక తీయు ఏర్పాటును ఊరివారు మొదటనే చేసికొనవలెను.