ఇంటి ధూళి - ఎలర్జీ

తెల్లవారుజామున ఎడతెగని తుమ్ములు, రాత్రివేళ పిల్లికూతలు, ఆయాసము - ఇవి పెక్కు ఇండ్లలో కనిపించు బాధలు. వీటికి ఒక ముఖ్యకారణము ఇంటి ధూళి.

ధూళిలో హానికరమైనదేది? 1964లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వూర్హోర్స్ట్, స్పీక్స్మా ప్రభృతులు దీనికి మూలము ఒక సూక్ష్మమైన పురుగు అని ప్రతిపాదించిరి. సాలీడు తరగతికి చెందిన ఈ పురుగు పొడవు సుమారు 0.3 మిల్లీమీటరు. మన చర్మమునుండి రాలు పొలుసులే దాని ఆహారము. దాని విసర్జనము శ్వాసలో ప్రవేశించి ఎలర్జీ కలిగించును.

అమెరికాలో అనేక గృహములందు చల్లని, వెచ్చని గాలిని గదులకు చేర్చు గొట్టములుండును. వాటిని శుభ్రపరచినచో ఎలర్జీ తొలగునని పలువురి నమ్మకము. కాని అట్టి శుద్ధి వలన వ్యాధులు నివారింపబడినట్లు ఋజువు కాలేదని ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 1997లో వెలువరించిన పుస్తికలో తెలిపినది. గొట్టములో బూజు పెరిగినపుడు, ఎలుకలు, పురుగులు చేరినపుడు, దుమ్ము పూడుకొనినపుడు శుభ్రపరచుట ఉచితమనినది.

ఆ పురుగుకు ముఖ్యనివాసములు పరుపు, దిండు, తివాచీ. కనుక దుప్పట్లను, దిండు గలీబులను వారమునకొకమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీట ఉతుకవలెను. పొడి చీపురు ధూళిని లేపును. తడిగుడ్డతో తుడుచుట మేలు. తేమలో ఈ పురుగులు వృద్ధి చెందును. కావున నీటి కూలరు వాడు గదికి కిటికీలు తెరచి ఉంచవలెను. ఆయాసము తగ్గనిచో వైద్యుని తప్పక సంప్రదింపవలెను.

ధనము వెచ్చించుటకు ముందు వ్యాధిమూలమెక్కడ కలదో వెదకుట విజ్ఞానశాస్త్రము నేర్పు తొలి పాఠము.