ఇంజెక్టర్ ఎంత పెద్దదైతే అంత మంచిదా?

ఇంజన్‌ని మోడిఫై చేస్తున్నామనగానే "ఎందుకైనా మంచిది, పెద్ద ఇంజెక్టర్ వేసెయ్" అనే సలహా ఉచితంగా దొరుకుతుంది. ఆ సలహా వెనకున్న భయం న్యాయమైనదే. ఇంజెక్టర్ చిన్నదైతే ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోల్ చాలక మిశ్రమం లీన్ అవుతుంది, నాకింగ్ మొదలవుతుంది, ముదిరితే పిస్టన్ కరిగేదాకా పోతుంది. కానీ పెద్దది పెట్టినా ఇబ్బంది ఉంది. అదేంటో లెక్కతోనే చూద్దాం.

మన దేశంలో ఫార్ములా స్టూడెంట్ టీమ్‌లు చాలా వరకు వాడే కేటీఎం 390 ఇంజన్‌నే తీసుకుందాం. 373 సీసీ, ఒకటే సిలిండర్, ఒకటే ఇంజెక్టర్. కొత్త ఇన్‌టేక్, నియమం ప్రకారం 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్, సొంత ఈసీయూ పెట్టి 9,000 ఆర్పీఎమ్ దగ్గర 40 హార్స్‌పవర్ ఆశిస్తున్నాం అనుకోండి.

టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 205 నుంచి 230 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. మనం 225 వేసుకుంటే గంటకి 9,000 గ్రాములు, అంటే నిమిషానికి 150 గ్రాములు, సుమారు 203 సీసీ. ఇంజెక్టర్ 80 శాతం సమయమే తెరిచి ఉండాలనుకుంటే 254 సీసీది కావాలి.

ఈ ఒక్క లెక్కని నమ్మి డబ్బులు పెట్టొద్దు. గాలి వైపు నుంచి కూడా రండి. 9,000 ఆర్పీఎమ్‌లో నిమిషానికి 4,500 సార్లు సిలిండర్ నిండుతుంది. 90 శాతం నిండిందనుకుంటే సుమారు 1,510 లీటర్లు, దాదాపు 1,812 గ్రాముల గాలి. 12.5 నిష్పత్తికి 145 గ్రాముల పెట్రోల్. రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి కాబట్టి 40 హార్స్‌పవర్ అనేది గాల్లో మేడ కాదు. మీ లెక్కలో ఈ రెండూ కలవకపోతే, ముందు అనుమానించాల్సింది మీరు ఆశించిన పవర్‌నే.

ఇక చాలామంది వదిలేసేది డెడ్ టైమ్. కరెంటు అందాక ఇంజెక్టర్ సూది లేవడానికి సుమారు 1 మిల్లీసెకను పోతుంది. 9,000 ఆర్పీఎమ్‌లో ఒక సైకిల్ మొత్తం 13.3 మిల్లీసెకన్లే. 254 సీసీదానికి పెట్రోల్ పోయడానికే 10.6 పడుతుంది. డెడ్ టైమ్ కలిపితే డ్యూటీ 87 శాతం! అదే 280 సీసీదైతే 9.7 ప్లస్ 1, సరిగ్గా 80 శాతం దగ్గర ఆగుతుంది. నా ఓటు 280కే.

మరి 560 ఎందుకు వద్దు? ఐడిల్‌లో చూడండి. అక్కడ సైకిల్‌కి 9 ఘన మిల్లీమీటర్ల పెట్రోల్ చాలనుకుందాం. 280 సీసీది 1.9 మిల్లీసెకన్లు తెరుచుకుంటే, 560ది 0.96 మాత్రమే. బ్యాటరీ వోల్టేజ్ కాస్త పడి డెడ్ టైమ్ 0.1 మారిందంటే, మొదటిదాంట్లో తప్పు 5 శాతం, రెండోదాంట్లో 10. ఉగ్గుగిన్నెతో పోయాల్సిన చోట బిందె వంచినట్టన్నమాట. పైగా అంత చిన్న పల్స్‌లో చాలా ఇంజెక్టర్లు కొట్టిన ప్రతిసారీ ఒకేలా పోయవు. ట్యూనర్ రాత్రంతా కూర్చున్నా ఐడిల్ కుదరదు.

కొనేముందు, ఆ సీసీ ఏ ప్రెషర్ దగ్గర కొలిచారో అడగండి. సాధారణంగా 3 బార్. ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 4 బార్‌కి పెంచితే 280 కాస్తా 323 అవుతుంది. అయితే ప్రెషర్ పెరిగేకొద్దీ పంప్ ఇచ్చే పరిమాణం తగ్గుతుంది, అది కూడా చూసుకోవాలి.

ఇంధనం సంగతీ ఉంది. ఈ20 అయితే అదే పవర్‌కి సుమారు 8 శాతం, ఈ85 అయితే 40 శాతానికి పైగా ఎక్కువ పోయాలి. పై లెక్కంతా మామూలు పెట్రోల్‌కి. ఈ20 వాడితే మన 280ది 3 బార్ దగ్గర 86 శాతం డ్యూటీకి చేరుతుంది, అప్పుడు ప్రెషర్‌ని 3.5 బార్‌కి పెంచడమే చవకైన మందు. ఆ కొత్త ప్రెషర్‌కి సరిపడే డెడ్ టైమ్ టేబుల్‌ని, 9 నుంచి 15 వోల్టుల దాకా, ఈసీయూలో ఎక్కించాకే డైనోకి వెళ్లండి.