చిన్న డబ్బా చెప్పిన పాఠము

రంగు అనునది మూడింటి కలయిక: వర్ణద్రవ్యము, దానిని గోడకు పట్టియుంచు బంధకము, పూతకు అనువుగ పలుచన చేయు ద్రావకము. ఈ మూడింటిని కలుప నేర్చినవారు అనేకులు. అమ్మ నేర్చినవారు కొందరే. ఏషియన్ పెయింట్స్ సంస్థ చరిత్రను మనము పరిశీలింపవలసినది ఇందుకే.

1942లో, ప్రపంచయుద్ధము వలన విదేశీ రంగుల దిగుమతి స్తంభించినపుడు, బొంబాయిలో నలుగురు మిత్రులు ఒక గ్యారేజీలో ఈ సంస్థను స్థాపించిరి. నగరములలోని టోకు వర్తకులు విదేశీ కంపెనీల సరుకునే ఆదరించుటచే, వీరు చిన్న పట్టణములకు, పల్లెలకు మరలిరి. మహారాష్ట్రమున పోలా పండుగనాడు రైతులు ఎద్దుల కొమ్ములకు రంగు వేయుదురు. మన ఏరువాక పున్నమి ఆచారము వంటిదే ఇది. అట్టి రైతునకు పెద్ద డబ్బాతో పని లేదు. అతని కొరకు చేసిన చిన్న డబ్బాలే సంస్థకు బాట వేసినవి.

1954లో ఆర్.కె. లక్ష్మణ్ కుంచెనుండి ‘గట్టు’ అను బాలుడు వెలువడి, సంస్థకు చిహ్నమయ్యెను. 1967 నాటికి ఈ సంస్థ దేశమున అగ్రస్థానము నందుకొనెను. 1985లో పటాన్‌చెరువునందు, 2019లో విశాఖపట్టణ సమీపమున కర్మాగారములు వెలసినవి.

మన విద్యార్థులలో పలువురు మూలధనము లేదని వ్యాపారమునకు వెనుదీయుదురు. పెద్దలు విడిచిన కొనుగోలుదారుని గుర్తించుటయు మూలధనమే యని మనము గ్రహింపవలెను.