పెంపుడు కుక్కల్లో కాల్షియం హార్మోన్లు, విటమిన్-డి పరీక్షలు: నమూనా సేకరణ, ఫలితాల విశ్లేషణ

పెంపుడు కుక్క నీరసించినా, కుంటినా, కాళ్లు వంకర తిరిగినా కాల్షియం టానిక్ పట్టించడం అనేక ఇళ్లలో అలవాటు. లోపం నిజంగా ఉన్నప్పుడు ఇది మేలు చేస్తుంది. అయితే రక్తంలో కాల్షియం అధికమైన కుక్కలో కూడా నీరసం, ఆకలి మందగించడం, అతి దాహం, అతి మూత్రం కనిపిస్తాయి. అటువంటి జంతువుకు కాల్షియం, విటమిన్-డి అందిస్తే మూత్రపిండాలు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. కనుక చికిత్సకు ముందు ప్రయోగశాల పరీక్ష ఆవశ్యకం.

కాల్షియం నియంత్రణ

రక్తంలోని మొత్తం కాల్షియంలో సుమారు సగం మాత్రమే అయాన్ రూపంలో ఉంటుంది. శరీర క్రియలకు ఉపయోగపడేది ఇదే. మిగిలినది అధికభాగం మాంసకృత్తులతో, కొంత ఇతర లవణాలతో కలిసి ఉంటుంది. అయాన్ కాల్షియం తగ్గిన వెంటనే మెడ భాగంలోని నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు పారాథార్మోన్‌ను స్రవిస్తాయి. ఈ హార్మోన్ ఎముకల నుండి కాల్షియంను విడుదల చేయించి, మూత్రంలో పోయే కాల్షియంను తగ్గించి, మూత్రపిండాల్లో విటమిన్-డి క్రియాశీల రూపం తయారయ్యేలా చేస్తుంది.

కుక్కలు, పిల్లులు మనుషుల వలె సూర్యరశ్మి ద్వారా చర్మంలో తగినంత విటమిన్-డి తయారు చేసుకోలేవు. అవి ఆహారంపైనే ఆధారపడతాయి. శరీరంలోని విటమిన్-డి నిల్వలను తెలుసుకోవడానికి కాలేయంలో ఏర్పడే 25-హైడ్రాక్సీ విటమిన్-డి ని కొలుస్తారు.

నమూనా సేకరణలో జాగ్రత్తలు

ఇ.డి.టి.ఎ. కలిపిన గొట్టంలోని రక్తం కాల్షియం పరీక్షకు పనికిరాదు. ఆ రసాయనం కాల్షియంను బంధించడం వలన విలువ తప్పుగా తక్కువ వస్తుంది. రాత్రంతా ఆహారం ఇవ్వకుండా ఉదయం తీసిన రక్తం నుండి వేరుచేసిన సీరం మేలు. అయాన్ కాల్షియం కొలిచే నమూనాకు గాలి తగలరాదు. గాలి తగిలితే కార్బన్ డై ఆక్సైడ్ తప్పించుకొని ఉదజని సూచిక పెరుగుతుంది. అప్పుడు అయాన్ కాల్షియం తగ్గినట్లు కనిపిస్తుంది. పారాథార్మోన్ గది ఉష్ణోగ్రత వద్ద విచ్ఛిన్నమవుతుంది. కావున నమూనాను త్వరగా వేరుచేసి, ఘనీభవింపజేసి, మంచులో పంపాలి. కాల్షియం, పారాథార్మోన్ రెండింటినీ ఒకే సమయంలో తీసిన రక్తంలో కొలిస్తేనే పోలిక సరైనదవుతుంది.

ఫలితాల విశ్లేషణ

కాల్షియం అధికంగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతమైన పారాథైరాయిడ్ గ్రంథులు స్రావాన్ని దాదాపు నిలిపివేయాలి. అప్పుడు కూడా పారాథార్మోన్ సాధారణ పరిధిలో ఉన్నదంటే అది సాధారణం కాదు. గ్రంథిలో కణితిని అనుమానించాలి.

కాల్షియం అధికమై, పారాథార్మోన్ తగ్గి, పారాథార్మోన్ సంబంధిత ప్రోటీన్ పెరిగితే లింఫోమా లేదా మలద్వార గ్రంథుల కేన్సర్ ఉండవచ్చు. ఈ ప్రోటీన్ పెరగనంత మాత్రాన కేన్సర్ లేదని చెప్పలేము. నిర్ధారణకు ముందు స్టెరాయిడ్లు ఇస్తే లింఫోమా మరుగునపడుతుంది.

కాల్షియం, భాస్వరం రెండూ పెరిగి, పారాథార్మోన్ తగ్గి, 25-హైడ్రాక్సీ విటమిన్-డి బాగా పెరిగితే అది విటమిన్-డి విషప్రభావం. మనుషులు వారానికొకసారి వాడే 60,000 యూనిట్ల గుళికలో 1.5 మిల్లీగ్రాముల విటమిన్ ఉంటుంది. 10 కిలోల కుక్క దానిని మింగితే కిలో బరువుకు 0.15 మిల్లీగ్రాములు అందుతాయి. కిలోకు 0.1 మిల్లీగ్రాము మోతాదు నుండే లక్షణాలు కనిపించవచ్చు. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయోల్ లేపనాన్ని నాకిన కుక్కలోనూ కాల్షియం పెరుగుతుంది, కానీ 25-హైడ్రాక్సీ పరీక్షలో అది బయటపడదు. కనుక ఇంట్లోని మందుల వివరాలు యజమానిని అడిగి తెలుసుకోవడం పరీక్షతో సమానమైన పని.

కాల్షియం సాధారణంగా లేదా కొద్దిగా తక్కువగా ఉండి, పారాథార్మోన్ పెరిగితే మూత్రపిండాల వ్యాధి లేదా ఆహార లోపం కారణం కావచ్చు. ఎముకలు లేని మాంసం, అన్నం మాత్రమే తినే కుక్కపిల్లల్లో ఆహార లోపం తరచు కనిపిస్తుంది. మాంసంలో కాల్షియం కంటే భాస్వరం అనేక రెట్లు అధికం. రక్తంలో కాల్షియం సాధారణంగా కనిపించినా అది ఎముకల నుండి తీసుకున్నదే. అందువలన ఎముకలు పలుచబడి వంగుతాయి, విరుగుతాయి. ఇక్కడ సమతుల ఆహారమే ప్రధాన చికిత్స.

అత్యవసర మినహాయింపు

పాలిచ్చే తల్లికుక్కలో, ముఖ్యంగా చిన్న జాతుల్లో, వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, మూర్ఛ కనిపిస్తే హార్మోన్ ఫలితాల కొరకు వేచి ఉండరాదు. పశువైద్యుడు వెంటనే రక్త నమూనా తీసి, గుండె వేగాన్ని గమనిస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నెమ్మదిగా సిరలోనికి ఎక్కించాలి.

ముఖ్య సూచనలు

1. అధిక కాల్షియం కనిపించిన ప్రతిసారీ మరొక నమూనాతో, అయాన్ కాల్షియంతో ధ్రువీకరించాలి.
2. భాస్వరం, క్రియాటినిన్ విలువలు తప్పక చూడాలి. మిల్లీగ్రాములలో కాల్షియం, భాస్వరం విలువల లబ్ధం 60-70 దాటితే మెత్తని కణజాలాల్లో సున్నం పేరుకొనే ప్రమాదం ఉంది.
3. పరీక్షించిన ప్రయోగశాల ఇచ్చిన ప్రామాణిక పరిధితోనే ఫలితాన్ని పోల్చాలి. ఎదిగే పిల్లల్లో కాల్షియం, భాస్వరం సహజంగానే కొంత అధికం.
4. కారణం తెలియకుండా కాల్షియం, విటమిన్-డి మందులు ప్రారంభించరాదు.