ఇప్ప కింద నిప్పు



భద్రాచలం దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి చెట్ల మీద ప్రాజెక్టు చేస్తానని రాశావు. టేకు జోలికి తర్వాత వెళ్దువుగాని, ముందు ఇప్పను చూడు తల్లీ. పోడు కొట్టేటప్పుడు కూడా కోయ రైతులు నరక్కుండా చేలో నిలుపుకున్న చెట్టు అది. నీ పుస్తకంలో సపోటా కుటుంబమని ఉంటుంది. ఆకు తుంచి చూడు, పాలు కారతాయి.

మార్చిలో వెళ్లు. అప్పటికి ఆకు రాలిపోయి కొమ్మల చివర పూగుత్తులు వేలాడుతుంటాయి. పూలు రాత్రి విచ్చుకుంటాయి, గబ్బిలాలు వాలతాయి, తెల్లారేసరికి నేలంతా పూలే. ఒకటి తీసి చేతిలో పెట్టుకో. లేత పసుపు రంగు, మంచి కండ, ఘాటైన తీపి వాసన. ఎండితే ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. అడుగున చిన్న తూటు కనిపిస్తుంది. లోపలి గోడకు కేసరాలు అంటుకుని ఉంటాయి గాని అండాశయం ఉండదు. ఇప్పుడు తలెత్తి కొమ్మను చూడు. అండాశయం, దాని మీద సన్నటి కీలం అక్కడే ఉన్నాయి. కాయ కట్టేది చెట్టు మీదే ఉండగా కండ మాత్రం కిందికి రాలిందన్నమాట! రాలిన పువ్వు ఎంత ఏరుకున్నా కాయకు లోటు రాదు. అడవి పంటల్లో ఇంత చక్కటి ఏర్పాటు నేను మరొకటి చూడలేదు.

చేటు వచ్చేది నిప్పుతో. పూలు కనబడాలని చెట్టు కింద ఎండుటాకు తగలబెడతారు. మంట అడవిలోకి పాకినా పాకకపోయినా, ఆ నీడన మొలిచిన పిల్లమొక్కలు మాడిపోతాయి. ఏటా ఇలాగే సాగితే ముసలి చెట్లే మిగులుతాయి. అలాగని ఏరేవాళ్లను తప్పుపడుతూ రాయకు. చీకటితోనే బుట్ట పట్టుకుని బయల్దేరి, వంగిన నడుము ఎత్తకుండా ఏరతారు ఆ ఆడవాళ్లు. ఆ పువ్వు మీద హక్కు వాళ్లదేనని 2006 అటవీ హక్కుల చట్టమే చెప్పింది. ఆకు ఊడ్చి పాత చీర పరిస్తే మట్టి అంటని పువ్వు దొరుకుతుందని వాళ్లతో కలిసి ఏరుతూ చూపించు.

తొలకరికి మళ్లీ వెళ్లు. గింజలోని పలుకు ఆడిస్తే నూనె వస్తుంది, చలికి అది పేరుకుంటుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చిన సరుకుల్లో పువ్వూ పలుకూ రెండూ ఉన్నాయి. నాటడానికైతే గింజ దాచకు, మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. పండు రాలిన వారంలోపే చేను గట్టున పాతి, పశువులు మేయకుండా చుట్టూ కంప వెయ్యి. పూతకు రావడానికి పదేళ్ల పైమాటే.

నిప్పు పెట్టిన చెట్ల కింద ఎన్ని పిల్లమొక్కలున్నాయో, పెట్టని చెట్ల కింద ఎన్ని ఉన్నాయో వేర్వేరుగా లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య