పెరటిలో వయ్యారిభామ

గడచిన వర్షాకాలమున మా పాఠశాల ఆవరణములో పెరిగిన కలుపును పిల్లలచే తీయించితిమి. మంచిపని యని తలంచితిమే గాని, ఆ మొక్క యేదో ముందుగా విచారింపలేదు. మరునాడు ఒక బాలుడు రెండు చేతులును దద్దురులెక్కి బడికి వచ్చెను. వైద్యము వలన కొలది దినములకు నయమైనది. కాని అపరాధము మాది. ఆ మొక్క వయ్యారిభామ. కన్నడమున దీనిని కాంగ్రెస్ గిడ యందురు. మీ పెరళ్ళలో అట్టి పొరపాటు జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది ఉష్ణమండల అమెరికాకు చెందినది. మనదేశమున 1955లో పూనాలో దీనిని గుర్తించిరి. దిగుమతియైన గోధుమలతో కలిసి వచ్చినదని పలువురి అభిప్రాయము. పరదేశమునుండి వచ్చుటయే దోషమా? కాదు. మిరప, జామ, బొప్పాయి కూడ అమెరికా ఖండమునుండి వచ్చినవే. అవి ఇరుగుపొరుగు మొక్కలతో కలిసి బ్రతుకుచున్నవి. తరతరములుగా కన్నడదేశమున కాపురముండు మనకు ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. వచ్చినచోట పొరుగువానిని బ్రతుకనీయకుండుటయే దోషము. వయ్యారిభామనుండి వెలువడు పదార్థములు ఇతర మొక్కల మొలకలను అణచివేయును. గరిక, పొన్నగంటి పెరిగెడి చోట తుదకు అదియే మిగులును.

గుర్తించు విధము

లేతమొక్క ఆకులు చేమంతి ఆకులవలె లోతుగా చీలి, నేలను అంటి గుండ్రముగా పరచుకొనును. పిమ్మట కాడ లేచి, మూడు నాలుగు అడుగుల వరకు పెరిగి, పెక్కు కొమ్మలు వేయును. కాడపై నిలువు గీతలును నూగును ఉండును. పూలు చిన్నవి, తెల్లనివి, గుత్తులుగా పూయును. వినాయక చవితికి పత్రి కోయబోవు పిల్లలు దీనిని మాచిపత్రి యని భ్రమపడవచ్చును. మాచిపత్రి ఆకు అడుగున తెల్లగా నుండును; దీనికి ఆ తెలుపు లేదు. వాసన చూచుటకై నలుపరాదు. చర్మమున దురదయు, కొందరికి తుమ్ములును ఉబ్బసమును కలుగును.

తొలగించు విధము

1. పూయక మునుపే తీయవలెను. మొలచిన నెల, నెలన్నరలో పూయును. బాగుగా పెరిగిన ఒక్క మొక్క 10 వేలనుండి 25 వేల వరకు విత్తనములను రాల్చగలదు.

2. వాన కురిసిన మరునాడు, నేల మెత్తగా నున్నప్పుడు, వేరుతోసహా పెఱుకవలెను. కొడవలితో కోసిన మరల చిగురించును.

3. చేతితొడుగులు, నిండుచేతుల చొక్కా ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. తొడుగులు లేనిచో చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొనవచ్చును. పిల్లలచేతను, ఉబ్బసము గలవారిచేతను ఈ పని చేయింపరాదు.

4. పూయని మొక్కలను ఎరువుగుంటలో వేయవచ్చును. పూచినవానిని వేసినచో ఎరువుతోపాటు విత్తనములను తోటయంతట చల్లినట్లే. వానిని సంచిలో మూటగట్టి లోతుగా పూడ్చవలెను.

5. తీసినచోటును బోసిగా విడువక బంతి గింజలు చల్లవలెను. విత్తనములు నేలలో కొన్ని సంవత్సరములు నిలువయుండును గాన, ప్రతి వర్షాకాలమును పరిశీలింపవలెను.

ఈ మొక్కపై మీగడరంగు వీపున ముదురు గోధుమవన్నె చారలు గల చిన్న పెంకుపురుగు కనబడిన చంపకుడు. దీని ఆకులను తినుటకై మెక్సికోనుండి తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతమున విడిచిన పురుగు అదియే. అది వానలలో కొంత సాయపడునే గాని, మన పనినంతయు చేయజాలదు.

తలిదండ్రులకు మా విజ్ఞప్తి యొక్కటి. ఒక ఆదివారము పిల్లలతో పెరటిలో నడచి, ఐదు మొక్కల పేర్లు తెలుగునను కన్నడమునను చెప్పించుడు. మన గరిక వారి గరికె. మన తుమ్మి వారి తుంబె. పేరు తెలిసిన బిడ్డ ఉంచదగినదానిని పెఱుకడు, పెఱుకదగినదానిని పెంచడు.

ఈ సంవత్సరము మా ఆవరణములో పెద్దలమే తొడుగులు ధరించి కలుపు తీయుచున్నాము. ఆనాటి బాలుడు దూరముగా నిలిచి, ఏది వయ్యారిభామయో వ్రేలితో చూపుచున్నాడు. ఇంతవరకు ఒక్కసారియు తప్పు చూపలేదు.